కత్తలెకాను చిత్తడిలో ఆర్కిడ్ల వెంట

ఇల్లు చేరి రెండుసార్లు ఉతికినా ప్యాంటు అంచులకు పట్టిన ఎర్రమట్టి పోలేదు. జలగలు పట్టిన చోట దురద ఇంకా ఉంది. చూసినవి మసకబారకముందే రాసిపెట్టాలని కూర్చున్నాను.

వెళ్ళింది కర్ణాటకలోని ఉత్తర కన్నడ జిల్లాకు. అక్కడ సిద్ధాపుర తాలూకాలో, శరావతి లోయ వైపున, కత్తలెకాను అనే అడవి ఉంది. జాజికాయ కుటుంబానికి చెందిన అడవి చెట్లు ఏడాది పొడవునా పారే సన్నటి వాగుల్లో, బురదలో కాళ్ళు పెట్టుకుని పెరిగే చోటు అది. వీటిని మిరిస్టికా చిత్తడి అడవులంటారు. 1960లో కృష్ణమూర్తి అనే ఆయన తిరువాన్కూరు అడవుల్లో వీటి గురించి మొదటిసారి వివరంగా రాశారు. కేరళలో ఇవాళ అన్నీ కలిపినా రెండు చదరపు కిలోమీటర్లు లేవు. ఉత్తర కన్నడలో మిగిలినవి వాగుల వెంట అక్కడొకటి ఇక్కడొకటి ఉన్న ముక్కలే.

నాకు ఆర్కిడ్లంటే ప్రాణం. మారేడుమిల్లి అడవుల్లో మొదటిసారి చెట్టు మీద వేలాడే పూలగుత్తి చూసినప్పటి నుంచి పట్టిన పిచ్చి ఇది. మన దేశంలో ఉన్న ఆర్కిడ్ రకాలు 1,256 అని బొటానికల్ సర్వే 2019లో లెక్క చెప్పింది. అందులో ఇంచుమించు మూడు వందలు పశ్చిమ కనుమల్లోనే ఉన్నాయి. చిత్తడి అడవిలో అవి ఎక్కడ ఉంటాయి, ఎలా బతుకుతాయి అన్నది కళ్ళారా చూడాలని చాలా ఏళ్ళుగా అనుకుంటున్నాను. ఈసారి మా బాబాయి కొడుకు తోడొస్తానన్నాడు.

జూన్ 3, శిర్సి

శిర్సిలో దిగేసరికి సన్నగా చినుకులు పడుతున్నాయి. ఊరు ఊరంతా వక్కల వ్యాపారం. బజారులో ఏ గోడౌన్ ముందు నుంచి నడిచినా ఎండిన వక్కల వగరు వాసన. కన్నడ బోర్డులు కూడబలుక్కుని చదవగలగడం మనవాళ్ళకు ఎంత ధైర్యమో, బస్టాండులో నిలబడితే తెలుస్తుంది. మా తమ్ముడు ప్రతి బోర్డూ పైకి చదువుతుంటే పక్కనున్న ముసలాయన ఆగి సరిచేశాడు.

మారికాంబ గుడికి వెళ్ళి వచ్చి, దగ్గర్లోని చిన్న మెస్‌లో భోజనానికి కూర్చున్నాం. అరిటాకు వేసి, ముందు సరస్వతి ఆకుతో చేసిన తంబుళి వడ్డించారు. ఆకును వేయించి, కొబ్బరితో రుబ్బి, మజ్జిగలో కలిపేది. చల్లగా, కమ్మగా ఉంది. తర్వాత అప్పెహుళి. పుల్ల మామిడికాయ ఉడకబెట్టి తీసిన పల్చటి చారు. అన్నంలో కలుపుకోవాలా తాగాలా అని చూస్తుంటే, వడ్డించే ఆవిడ గ్లాసు తెచ్చి ముందు పెట్టింది. "ఇది తాగితే నిద్ర వస్తుంది, ప్రయాణం ఉంటే తక్కువ తాగండి" అంది. నిజంగానే కళ్ళు మూతలు పడ్డాయి. భోజనం మనిషికి 120 రూపాయలు. ఆకులో ఖాళీ కనబడితే ఒప్పుకోరు. "బేకా? సాకా?" (కావాలా? చాలా?) అని అడుగుతూనే వడ్డించేస్తారు.

తొడెదేవు కొనడం మాత్రం మర్చిపోలేదు. బోర్లించిన కుండ కింద మంట పెట్టి, చెరుకురసం కలిపిన బియ్యప్పిండి జావను గుడ్డతో కుండ మీద ఒక్క ఊపున పూసి, కాగితంలా లేచిన పొరను మడుస్తారు. మన ఆత్రేయపురం పూతరేకులకు దగ్గరి చుట్టం. అయితే ఇందులో తీపి పొరలోనే ఉంటుంది, విడిగా చల్లరు. ప్యాకెట్ 100 రూపాయలు. అది సాయంత్రానికే అయిపోయింది.

చీకటి పడేలోపు సిద్ధాపుర దాటి మేం ఉండబోయే ఇల్లు చేరాం. వక్కతోట మధ్య పెంకుటిల్లు. గుమ్మం పక్కన రాతి తొట్టిలో నీళ్ళు, ఒక చెంబు. కాళ్ళు కడుక్కుని లోపలికి వెళ్ళగానే ఇంటావిడ పళ్ళెంలో బెల్లం ముక్కలు, చెంబుతో నీళ్ళు తెచ్చి పెట్టింది. ఈ ప్రాంతంలో ఎవరింటికి వెళ్ళినా మొదటి మర్యాద ఇదే. బెల్లం కొరికి నీళ్ళు తాగాకే "ఎక్కడి నుంచి వచ్చారు, ఏం పని మీద" అనే మాటలు మొదలవుతాయి.

జూన్ 4, తోటలో

పొద్దున్నే అజ్జి, అంటే ఆ ఇంటి యజమాని తల్లి, నన్ను పెరట్లోకి పిలిచింది. "తంగీ (చెల్లీ), నువ్వు చూడ్డానికొచ్చిన పువ్వు ఇదేనా?" అని పనసచెట్టు వైపు చెయ్యి చూపింది. తలెత్తి చూస్తే రింకోస్టైలిస్ రెటూసా. మనకు మారేడుమిల్లిలో కనిపించేదీ ఇదే. ఇక్కడ సీతాళె దండె అంటారు. మాను మీద నాలుగైదు మొక్కలు, ఒక్కోదానికి జానెడు మూరెడు మధ్య వేలాడే గుత్తి. తెల్లటి రేకుల మీద గులాబీ, ఊదా చుక్కలు. వనవాసంలో సీతమ్మ జడలో ముడుచుకున్న దండ ఇదని అజ్జి చెప్పింది. ఆమె పెళ్ళినాడు మల్లెలు దొరక్క ఈ గుత్తినే జడకు చుట్టారట. ఇప్పటికీ వానాకాలం పండగలకు కోడలు ఒక గుత్తి కోసి పెట్టుకుంటుంది. ఒక్క గుత్తే. మొక్కను ముట్టుకోనివ్వదు అజ్జి.

ఆ మొక్క వేళ్ళు చూపించి తమ్ముడికి ఒక చిన్న విషయం చెప్పాను. ఆర్కిడ్ వేళ్ళు పెన్సిలంత లావున, వెండిరంగులో, మాను మీద పాకి ఉంటాయి. గ్లాసులో నీళ్ళు తెచ్చి ఒక వేరు మీద పోశాడు. చూస్తుండగానే వెండిరంగు పోయి వేరు ఆకుపచ్చగా మారింది. వేరు చుట్టూ చచ్చిన కణాలతో ఒక పొర ఉంటుంది. పొడిగా ఉన్నప్పుడు అందులో గాలి, తడిస్తే నీళ్ళు. నీళ్ళు నిండగానే పొర పారదర్శకమై లోపలి పచ్చదనం బయటపడుతుంది. ఆ కాస్త తడి కోసమే ఈ మొక్క ఎదురుచూస్తుంటుంది. చెట్టు నుంచి ఒక్క చుక్క తీసుకోదు. మన ఊళ్ళలో మామిడిచెట్టు మీద ఆర్కిడ్ కనబడితే బదనిక అనుకుని కొట్టేస్తారు. బదనిక చెట్టులోకి వేళ్ళు దించి పీల్చుకుంటుంది. ఆర్కిడ్‌కు చెట్టు నిలబడే చోటు మాత్రమే. ఇక్కడి తోటల్లోనూ ఇదే అపోహతో కొట్టేసేవాళ్ళున్నారని ఇంటాయన అన్నాడు.

టిఫిన్‌కు కేసువు ఆకుల పత్రొడె, అంటే చేమాకులకు మసాలా పిండి రాసి చుట్టి ఉడికించి ముక్కలు కోసినవి. మధ్యాహ్నం ఆటోలో కత్తలెకాను వైపు బయల్దేరాం. మర్నాటి నడకకు అనుమతి ఉంది, దారి చూసి వద్దామని. ఫోన్‌లో మ్యాప్ చెప్పినట్టే ఆటో అతను ఒక మట్టిరోడ్డులోకి తిప్పాడు. అది రెండు కిలోమీటర్లు పోయి ఒక వక్కతోట గేటు దగ్గర ఆగిపోయింది. సిగ్నల్ లేదు. తోటలోంచి అరవై ఏళ్ళ పెద్దాయన నడుముకు కత్తి చెక్కుకుని వచ్చి, "బన్నీ, బన్నీ" అని లోపలికి పిలిచాడు. మళ్ళీ బెల్లం, నీళ్ళు.

ఆ తప్పు దారి నాకు కలిసొచ్చింది. ఏం చూడ్డానికి వచ్చామో చెబితే ఆయన మమ్మల్ని తోట పల్లానికి తీసుకెళ్ళాడు. అక్కడ కాలువ గట్టున రెండు అడవి జాజి చెట్లు. మాను మొదలు నేలను తాకడం లేదు. మనిషి ఎత్తు నుంచి నాలుగు పక్కలకూ దిగిన ఊతవేళ్ళ మీద నిలబడింది. కింద మాత్రం పొడినేల, వక్కాకుల చెత్త. "మా తాత నాటికి ఇదంతా బురద. ఏనుగు దిగినా లేవలేదనేవారు. ఆయన అడ్డంగా కాలువ తవ్వి నీళ్ళు పక్కకు మళ్ళించాడు, చెట్లు కొట్టి వక్క పెట్టాడు. అప్పట్లో అందరూ అదే చేశారు" అన్నాడు. దాచకుండా, సమర్థించుకోకుండా చెప్పాడు. పల్లపు నేల, నిత్యం తడి, మెత్తటి మట్టి. వరికీ వక్కకూ అంతకంటే మంచి చోటు దొరకదు. చిత్తడులు పోయింది అందుకే.

ఆ రెండు చెట్లకూ కాయలు కాస్తున్నాయి. కానీ కింద ఒక్క మొలక లేదు. అడవి జాజి గింజ ఎండితే చచ్చిపోతుంది. మన వడ్లలా గాదెలో పోసి ఉంచడానికి వీల్లేదు. పండిన వారాల్లోనే తడినేల మీద పడి మొలకెత్తాలి. నీళ్ళు మళ్ళిస్తే పెద్ద చెట్లు కొన్నాళ్ళు నిలబడతాయి, పిల్ల చెట్లు మాత్రం రావు. "ముందు వాగు ఎండాకాలంలోనూ పారేది. ఇప్పుడు ఏప్రిల్‌కే ఆగిపోతోంది. వక్కకు కూడా నీళ్ళు చాలడం లేదు" అని పెద్దాయన కాలువ వైపు చూస్తూ అన్నాడు.

వక్కమానుల మీద నీలిరంగు చారలున్నాయి. కాయలు కుళ్ళిపోయే కొళెరోగ రాకుండా వానలకు ముందు మైలుతుత్తం, సున్నం కలిపిన బోర్డో మిశ్రమం గెలలకు కొడతారు. ఆ తోటలో వక్కమాను మీద నాకు ఒక్క ఆర్కిడ్ కూడా కనిపించలేదు. మాను నునుపు కావడం ఒక కారణం కావచ్చు. ఆర్కిడ్ గింజ ధూళి అంత సన్నం, అందులో మొలకకు తిండి ఉండదు. ఏదో ఒక శిలీంధ్రం వచ్చి దాన్ని పోషిస్తేనే మొలుస్తుంది. ఏటా శిలీంధ్రాన్ని చంపే మందు పడే మాను మీద అది మొలుస్తుందా అన్న అనుమానం నన్ను వదల్లేదు. జీవనాధారం కాబట్టి ఆయన్ను మందు కొట్టొద్దని అనే హక్కు నాకు లేదు.

జూన్ 5, కత్తలెకాను

ఈ అడవి సింహపుచ్ఛ కోతుల అభయారణ్యంలో ఉంది. అటవీశాఖ అనుమతి, వెంట వాచర్ లేకుండా లోపలికి పోకూడదు. మా వాచర్ ఆ పక్క ఊరివాడే, నలభై దాటినట్టున్నాడు. చేతికర్ర, మెడలో పాత బైనాక్యులర్స్. జలగల కోసం పొగాకు, సున్నం కలిపిన ముద్ద మా సాక్సులకు రాశాడు. నేను 350 పెట్టి కొన్న జలగ సాక్సుల కంటే అదే బాగా పనిచేసింది.

రోడ్డు నుంచి పది నిమిషాలు దిగగానే వెలుతురు తగ్గింది. పట్టపగలు పదకొండు గంటలకు కెమెరా ఫ్లాష్ అడిగింది. కింద నల్లటి నీళ్ళు, కదులుతున్నాయా లేదా అన్నంత నెమ్మదిగా. నీళ్ళలోంచి మోకాళ్ళు మడిచినట్టు వంగి లేచిన వేళ్ళు. బురదలో గాలి ఉండదు కాబట్టి ఆ వేళ్ళు పైకి లేచి గాలి పీల్చుకుంటాయి. అది జిమ్నాక్రాంతెరా, ఒక రకం అడవి జాజి. దాని పక్కనే ఊతవేళ్ళ మిరిస్టికా మాగ్నిఫికా. నిన్న తోటలో ఒంటరిగా చూసిన చెట్టు ఇక్కడ గుంపులో ఉంది. వాటి కింద అన్ని వయసుల పిల్ల చెట్లు. నీళ్ళున్న చోటుకూ లేని చోటుకూ తేడా ఎంతో అక్కడ నిలబడితే ఎవరూ చెప్పక్కర్లేదు.

బెంగళూరులోని పరిశోధన సంస్థ ఐఐఎస్సీ తరఫున సుభాష్ చంద్రన్, ఆయన బృందం ఈ చిత్తడులను ఏళ్ళ తరబడి నడిచి నమోదు చేశారు. కేరళలో తప్ప లేదనుకున్న సైజీజియం ట్రావన్‌కోరికం అనే నేరేడు జాతి చెట్టు ఇక్కడ కనబడింది. అది అంతరించిపోవడానికి అతి దగ్గరలో ఉన్న చెట్ల జాబితాలో ఉంది. జీడి కుటుంబంలోని మరో చెట్టుకు ఈ అడవి పేరే పెట్టారు, సెమికార్పస్ కత్తలెకానెన్సిస్, 2000లో. వాచర్ దాన్ని దూరం నుంచే చూపించాడు. దాని పాలు తగిలితే ఒళ్ళు బొబ్బలెక్కుతుంది.

ఆర్కిడ్ల మాటకొస్తే, మొదటి గంట నిరాశే. తమ్ముడు "అక్కా, ఒక్క పువ్వూ లేదేంటి?" అని అడుగుతూనే ఉన్నాడు. ఇంత చీకట్లో కింది మానుల మీద పెరగలేవు. నాచు, ఫెర్న్‌లు, అంతే. ఆర్కిడ్లు ఉండేది పైన, ముప్పై మీటర్ల ఎత్తులో, ఆకులు ఎండను తాకే చోట. కిందున్న చిత్తడి నుంచి లేచే తేమ ఎండాకాలంలో వాటిని కాపాడుతుంది. కింద వాగు ఎండితే పైన వేలాడే మొక్కకూ ముప్పు తప్పదు. నేను వచ్చిన ప్రశ్నకు సమాధానం ఆ నల్లనీళ్ళలో ఉంది.

అప్పుడు వాచర్ మమ్మల్ని నిన్నటి గాలికి విరిగి పడిన ఒక కొమ్మ దగ్గరకు తీసుకెళ్ళాడు. తొడంత లావు, రెండు నిలువుల పొడవు. అది పైకప్పు లోంచి తెగి కింద పడిన ఒక ముక్క. దాని ముందు బురదలో కూర్చుని గంటకు పైగా గడిపాను.

మొదట కనబడింది ఫోలిడోటా ఇంబ్రికేటా. గుడ్డులాంటి దుంప, దాని మీద ఒకే ఆకు, ఆకు పక్క నుంచి వంగి దిగే సన్నటి కాడ. కాడ మీద పొలుసులు అల్లిన దండలా మొగ్గలు. దాని పక్కన డెండ్రోబియం కాడలు, పూత కాలం అయిపోయి కొత్త ఆకులతో. కొమ్మ మలుపులో బల్బోఫిల్లమ్, గోళీలంత దుంపలు తీగకు గుచ్చినట్టు వరసగా. బెరడుకు అంటుకుని ఉన్న పోర్‌పాక్స్‌ను వాచర్ చూపించకపోతే నేను దాటిపోయేదాన్ని. చొక్కా బొత్తాలంత బల్లపరుపు దుంపలు జంటలుగా, మధ్యలోంచి అప్పుడే విచ్చుతున్న ఇటుకరంగు పువ్వు. చిటికెన వేలి గోరుకంటే చిన్నది. పూర్తిగా విచ్చుకోదు, గొట్టంలా నోరు కొద్దిగా తెరుస్తుంది.

ఇక ఒబెరోనియా. ఆకులు ఒకదానిలో ఒకటి చెక్కి, ఇస్త్రీ చేసినట్టు చదునుగా ఉంటాయి. మధ్యలోంచి దారమంత వెన్ను. వెన్ను నిండా ఆవగింజలో సగం ఉండే పూలు. లెన్స్ పెట్టి చూస్తే ఒక్కో పువ్వుకూ మూడు రక్షక పత్రాలు, రెండు రేకులు, అంచులు చీలిన ఒక పెదవి. పనసమాను మీది సీతాళె దండెకు ఉన్నవన్నీ ఇందులోనూ ఉన్నాయి. తమ్ముడు లెన్స్ తీసుకుని మళ్ళీ ఇవ్వలేదు. పేరు తేల్చుకోలేని మరో రెండింటిని ఫొటోలు తీసుకున్నాను. మొత్తం ఏడు రకాలు, ఒక్క విరిగిన కొమ్మ మీద.

కింద పడిన ఆర్కిడ్ ఎక్కువ రోజులు బతకదు. బురద తగిలితే కుళ్ళుతుంది. వాచర్, తమ్ముడు కలిసి ఆ కొమ్మను ఎత్తి, కాస్త వెలుతురు పడుతున్న చోట ఒక చెట్టు పంగలో నిలబెట్టారు. ఏ మొక్కనూ పీకలేదు, కట్టలేదు. గాలివానలకు పడిన కొమ్మలు కనబడితే ఇలా చేయడం తనకు అలవాటని అతను చెప్పాడు. ఎవరూ చెప్పిన పని కాదు.

తిరిగొస్తుండగా చిత్తడి గట్టున ఆకుల మధ్య నెర్విలియా అనే నేల ఆర్కిడ్ ఒకటి దొరికింది. ఆకు లేదు, నేలలోంచి కాడ, కాడ చివర లేత ఆకుపచ్చ పువ్వు. తొలి వానలు పడ్డాక మొదట పువ్వు వస్తుంది, అది వాడిపోయాకే ఆకు లేస్తుంది. రెండూ ఒకేసారి కనబడవు. ఇలాంటివి ఏడాదిలో ఎక్కువ కాలం దుంపగా నేలలో దాక్కుంటాయి. ఎండాకాలంలో ఇక్కడ సర్వే చేస్తే ఇది లేదని రాసుకుని పోతారు.

పైన హార్న్‌బిల్ రెక్కల చప్పుడు రెండుసార్లు వినబడింది. కోతులు కనబడలేదు, కొరికి పడేసిన జాజికాయ తొక్కలు మాత్రం కనబడ్డాయి. తొక్క లోపల ఎర్రటి జాపత్రి. మన బిర్యానీలో వేసే జాపత్రికి అడవి చుట్టం. ఈ జిల్లాలో రామపత్రె అనే మరో జాతి పత్రిని ఏరి అమ్ముతారు. ఏరితే ఫరవాలేదు. తొందరపడి కాయల కోసం కొమ్మలు నరికేవాళ్ళున్నారని, అలా నరికిన కొమ్మతో పాటు దాని మీది ఆర్కిడ్లూ పోతాయని వాచర్ బాధపడ్డాడు.

సాయంత్రం రోడ్డు పక్క వాగు దగ్గర ఆగాం. చీకటి పడుతుండగా "టొక్... టొక్" అని మొదలైంది. కుంబార కప్ప, అంటే కుమ్మరి కప్ప. 2014లో శాస్త్రలోకానికి తెలిసింది. ఆడకప్ప నీళ్ళ పైన కొమ్మకో రాయికో గుడ్లు పెడుతుంది. మగకప్ప ముందు కాళ్ళతో వాగు అడుగు నుంచి బురద తెచ్చి, వెనక కాళ్ళ మీద లేచి నిలబడి గుడ్లకు మెత్తుతుంది. ఆ పని మాకు కనబడలేదు. కానీ నీళ్ళకు జానెడు పైన ఒక పుల్లకు బురద పూసిన గుడ్ల ముద్ద టార్చి వెలుగులో కనబడింది. వెంటనే లైటు ఆపేశాం.

జూన్ 6, గేరుసొప్ప, హొన్నావర

పొద్దున్నే ఘాట్ రోడ్డు దిగాం. కత్తలెకాను పక్కనుంచి పోయే ఈ రోడ్డు 69వ నంబరు జాతీయ రహదారి. హొన్నావరలో మొదలై మన చిత్తూరులో ముగుస్తుంది. ఆ మాట చెబితే వాచర్ ఆశ్చర్యపోయాడు. "అయితే మా అడవి మీ ఊరి రోడ్డు మీదే ఉందన్నమాట" అన్నాడు. మలుపు మలుపుకూ లారీలు. రోడ్డు పక్క చెట్ల మీద ఏరిడిస్ క్రిస్పా గులాబీ గుత్తులు విరగబూసి ఉన్నాయి. వెలుతురు దొరికే అంచుల్లో ఆర్కిడ్లకు పండగే. రోడ్డు వెడల్పు చేసేటప్పుడు ముందు పోయేవీ ఈ అంచు చెట్లే.

గేరుసొప్పలో చతుర్ముఖ బసది చూశాం. నాలుగు వైపులా నాలుగు గుమ్మాల నల్లరాతి జైన గుడి, అడవి మధ్య. పదహారో శతాబ్దంలో ఇక్కడ ఏలిన చెన్నభైరాదేవిని పోర్చుగీసువాళ్ళు మిరియాల రాణి అన్నారు. ఇక్కడ కాను అనే దట్టమైన అడవుల్లో చెట్లకు పాకిన మిరియం తీగలే ఆమె సంపద. అడవిని నిలబెట్టి దాని నుంచి ఆదాయం తీసిన కాలం అది. ఇప్పుడు ఇదే లోయలో శరావతి పంప్డ్ స్టోరేజ్ అనే 2,000 మెగావాట్ల ప్రాజెక్టు గురించి గొడవ నడుస్తోంది. పైన తలకళలె, కింద గేరుసొప్ప జలాశయాల మధ్య సొరంగాలు తవ్వి నీళ్ళు ఎక్కించి దింపి కరెంటు తీస్తారు. స్థలం అభయారణ్యంలోనే. కరెంటు అవసరం నాకూ తెలుసు. ఈ లోయ ఇప్పటికే 1964 నాటి లింగనమక్కి డ్యామ్‌ లాంటి వాటికి చాలా ఇచ్చింది. ఇంకా అడగడం అన్యాయమని నేను గట్టిగా నమ్ముతున్నాను. టీ కొట్టు దగ్గర ఒక కుర్రాడు మాత్రం "మా ఊరికి పని వస్తుంది మేడమ్" అన్నాడు. అతని మాట కూడా రాయాలి.

శిర్సి పక్క సల్కణి అడవిలో 1983 సెప్టెంబరులో ఊరివాళ్ళు చెట్లను కావలించుకుని కాంట్రాక్టర్ల గొడ్డళ్ళను ఆపారు. అప్పికో ఉద్యమం. మేం దిగిన ఇంటి యజమాని అప్పుడు స్కూలు పిల్లాడు. వాళ్ళ నాన్న వెళ్ళాడట. ఇక్కడి జనానికి పోరాటం కొత్త కాదు.

హొన్నావరలో చేపల భోజనం. బంగడె పులుసు, వేపుడు, కుచ్చలక్కి అనే ఉప్పుడు బియ్యం అన్నం, చివర కోకం అనే పుల్లటి పండు వేసిన సోల్‌కడి. ఇద్దరికీ 380.

జూన్ 7, జోగ్ దారిలో

జోగ్ జలపాతం మంచులో కనబడీ కనబడక ఉంది. దాని గురించి రాయను. దారిలో ఒక బండి దగ్గర జరిగింది రాస్తాను.

తేనె, కోకం, మామిడి పచ్చళ్ళ పక్కన ప్లాస్టిక్ కవర్లలో ఆర్కిడ్లు. ఒక్కోటి 150. వేళ్ళకు చెట్టు బెరడు ముక్కలు అంటుకునే ఉన్నాయి. అంటే నర్సరీవి కావు, అడవి నుంచి ఊడబీకినవి. నాలుగు సీతాళె దండెలు, ఒక ఏరిడిస్. అమ్మే ఆవిడ నా వయసుదే. ఎక్కడివని అడిగితే, తోటలో కొట్టేసిన చెట్టు మీదివి అంది. నిజమే కావచ్చు. అభయారణ్యం నుంచి తెచ్చినవైతే నేరం. ఏదైనా, కొనేవాళ్ళుంటే రేపు నిలబడున్న చెట్టు మీదివీ వస్తాయి. పక్కన కారు దిగిన కుటుంబం రెండు కొనబోతుంటే ఆగలేక కల్పించుకున్నాను. ఇవి మీ ఊరి ఎండలో, బాల్కనీలో బతకవని, ఊడబీకేటప్పుడే వేళ్ళు తెగి సగం చచ్చాయని చెప్పాను. వాళ్ళు పచ్చడి సీసా కొనుక్కుని వెళ్ళిపోయారు. ఆవిడ ముఖం మాడ్చుకుంది. బేరం పోగొట్టానని బాధేసి ఆవిడ దగ్గర అప్పెమిడి (లేత మామిడి పిందెల) పచ్చడి, రెండు తేనె సీసాలు తీసుకున్నాను. వెళ్తుంటే "చెట్టు కొట్టేస్తే దాని మీదవి ఏం చేయాలి మరి?" అని అడిగింది. మళ్ళీ తోటలోని పనసకో మామిడికో కట్టమని, బెరడు వైపు వేళ్ళు పెట్టి కొబ్బరిపీచుతో బిగించమని చెప్పాను. ఇలా కట్టడం వాళ్ళ అత్తగారికి వచ్చట.

వెళ్ళాలనుకునేవాళ్ళకు: హోమ్‌స్టే భోజనాలతో కలిపి రోజుకు మనిషికి 1,200 పడింది, ఆటో రోజుకు 1,500. చిత్తడిలోకి అటవీశాఖ అనుమతి ముందే అడగండి, పిల్ల చెట్ల మీద కాళ్ళు పెట్టకండి, వాచర్ ఆగమన్న చోట ఆగండి. సీతాళె దండె, ఏరిడిస్ కావాలంటే మే చివరి నుంచి జూన్. డెండ్రోబియం పూలు కావాలంటే జనవరి, ఫిబ్రవరి. అప్పుడు ఎండ ఉంటుంది, జలగల బాధ తక్కువ, ఒబెరోనియా వెన్నులు కూడా ఉండకపోవచ్చు. తమ్ముడు ఫిబ్రవరికి సెలవు పెట్టేస్తానంటున్నాడు, లెన్స్ ఇంకా వాడి దగ్గరే ఉంది.